పొట్లపాదు లేని ఇళ్లు

మొన్న మంగళవారం పొద్దున గురజాల నుంచి ఫోన్ వచ్చింది, మా అక్క పోయిందని. ఎనభై దాటిన మనిషి. అంతకు ముందురోజు కూడా పప్పులో ఉప్పు చాలలేదని కోడలితో తగువు పెట్టుకుందట. నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతున్నాను, మా అమ్మాయి రాస్తోంది.

మా ఇంటిపేరు సున్నపురాళ్ల. పెళ్లితో అక్కకి ఆ పేరు పోయింది. కానీ పల్నాట్లో ఆ పేరున్న ఇళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆమెకి తెలిసినట్టు మా మగవాళ్లలో ఒక్కడికీ తెలియదు. మా పెద్దలు కోట కట్టించారని నేను నలుగురిలో చెప్పుకునేవాణ్ణి. ఆమె ఊరుకునేది కాదు.

"కోట ఎవురు కట్టించారో నాకు తెలీదు గానీ, సున్నం కాల్చింది మనోళ్లేరా. దాచేపల్లి కాడ బట్టీలు పెట్టారు. కరువొచ్చి తలా ఒక దిక్కు పోయారు."

ఏ ఊళ్లోనైనా మా ఇంటిపేరు వినబడితే ఆమె తిన్నగా వాళ్ల పెరట్లోకి వెళ్లేది. మా వాళ్లు పొట్లపాదు పెట్టరు. ఎప్పుడో ఎవరికో అచ్చిరాలేదట. కాయ కొనుక్కుని తింటాం, పాదు మాత్రం పెట్టం. బీర, సొర, కాకర అన్నీ ఉండి పొట్ల లేకపోతే, మంచినీళ్లు అడిగి అక్కడే కూర్చునేది.

పాతికేళ్ల కిందట మా అమ్మాయికి వినుకొండ సంబంధం వచ్చింది. పిల్లవాడికి సొంత లారీ ఉంది, మంచివాడు. ఇంటిపేరు మాదే. ఒకే ఇంటిపేరు వాళ్లు అన్నదమ్ములవుతారు, పిల్లనివ్వకూడదు. గోత్రం వాళ్లకీ తెలియదు, మాకూ తెలియదు. వాళ్లు వేరే సున్నపురాళ్ల వాళ్లని నేను తాంబూలాలకు రోజు పెట్టేశాను.

"వేరేవాళ్లని ఎవురు చెప్పారు?" అంది అక్క.

"నేనే చెప్తున్నా."

"నువ్వెవుడివిరా చెప్పటానికి? పెరళ్లు చూసొచ్చి నేను చెప్తా."

పొద్దున బస్సెక్కి సాయంత్రానికి వచ్చింది. వాళ్ల నాలుగిళ్లలోనూ పొట్లపాదు లేదు. "మా తాత దాచేపల్లి నుంచి వచ్చిన కాడి నుంచీ పెట్టమమ్మా" అన్నాడట వాళ్ల పెద్దాయన.

"అన్నాచెల్లెళ్లకి పెళ్లి చేస్తావంట్రా, సిగ్గులేనోడా? అల్లుడు పోయాడని ఏడవమాక. కొడుకు దొరికాడు. పిలిచి అన్నం పెట్టు" అంది.

నలుగురిలో నా మాట పోయిందని ఏడాదిపాటు ఆమెతో మాట్లాడలేదు. చివరికి ఆమే వచ్చి, "ఏందిరా, మూగోడివైపోయావా?" అని పీట వాల్చుకుని కూర్చుంది. తప్పు నాదని ఇప్పుడు చెబుతున్నాను, అప్పుడు చెప్పలేదు. తర్వాత మా అమ్మాయి పెళ్లికి ఆ వినుకొండ వాడే తన లారీలో సామాను తెచ్చాడు, అన్నగా బట్టలు పెట్టాడు. ఈ ముక్క రాస్తూ మా అమ్మాయి నవ్వుతోంది.

మీ ఊళ్లో మా ఇంటిపేరు వాళ్లుంటే పెరట్లోకి ఒకసారి తొంగిచూడండి. ఇకమీదట ఆ పని చేసే మనిషి మాకు లేదు.

పెళ్లై వెళ్లిన ఆడపడుచు పోతే మాకు మూడు రోజుల మైల. మైలస్నానం ఎవరి ఊళ్లో వాళ్లు చేస్తే సరిపోయేది. కానీ దాచేపల్లి నుంచి, మాచర్ల నుంచి, వినుకొండ నుంచి మా చేలో మోటారు దగ్గరికే వచ్చారు. ఆమె కనిపెట్టిన ఇళ్ల వాళ్లే అందరూ. నా మొహం కూడా ఎరగని వాళ్లు చొక్కాలు విప్పి వరసలో నిలబడ్డారు. వినుకొండ వాడు నా నెత్తిన నీళ్లు పోసి, "పెదనాన్నా, కాస్త జరుగు, ఇంకా చానామంది ఉన్నారు" అన్నాడు. పక్కకి జరిగి చూశాను. వరస గట్టు దాటి డొంకలోకి వెళ్లింది. మోటారు పోస్తూనే ఉంది, ఒకడు తడిసి తప్పుకుంటే వెనక ఇంకొకడు ముందుకొస్తున్నాడు.