మిషిన్ మస్తు పాడింది

మా బామ్మర్ది ర్యాపర్ అవుతానన్నప్పుడు ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ మాటకు అర్థం ఎవరికీ తెలియదు గనక. మా బాపు మాత్రం కాసేపు ఆలోచించి, "నౌకరేనా గది?" అని అడిగాడు. "ఒక తీరుగ నౌకరే" అన్నాను. జగిత్యాలలో డిగ్రీ చదివినవాణ్ణి కాబట్టి ఇలాంటివి వివరించే బాధ్యత ఇంట్లో నాదే.

వాడు మా మేనత్త కొడుకు. సిరిసిల్లలో వాళ్ల ఇల్లు ఒక ఖార్ఖానాకు ఆనుకుని ఉంటుంది. మధ్యలో ఒక్క గోడ. అవతల సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆడుతుంటే ఇవతల గిన్నెలు మూతలతో సహా అల్లాడేవి. ఆ ఇంటికి పోయినప్పుడల్లా నాకు తలనొప్పి వచ్చేది. వాళ్లకేమో ఆ చప్పుడు ఉన్నట్టే తెలియదు. అది ఆగితేనే తెలిసేది. మధ్యాహ్నం మా అత్తమ్మ ఒరిగి ఆదమరిచి నిద్రపోతుండగా కరెంటు పోతే, సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోయేవి. ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేచేది. "కరెంట్ పోయిందారా?" అనేది, ఫ్యాను వంక చూడకుండానే.

వాడి నాన్న, అంటే మా మామ, ఆ ఖార్ఖానాలోనే పెళ్లికి ముందు నుంచీ సాంచాలు నడిపాడు. గిరాకీ తగ్గి, వారంలో సగం రోజులు సాంచాలు ఆడని కాలం వచ్చేసరికి మస్కట్ పోయాడు. అక్కడ ఏదో పెద్ద భవనంలో అద్దాలు తుడిచే పని. బామ్మర్ది ఇంటర్ తర్వాత అదే ఖార్ఖానాలో నూలు కండెలు చుడుతూ, చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అమెరికా దక్షిణాది రాష్ట్రాల ర్యాప్ వినేవాడు. ఆ దక్షిణాది వాళ్ల పాటల్లోనే నిజమైన కోపం ఉంటుందని వాడి సిద్ధాంతం.

"గాళ్లది సౌతే, మనది సౌతే బావా. హార్డ్‌కోర్ అంటే గట్లనే ఉండాలె."

"హార్డ్‌కోర్ అంటే ఏందిరా?"

"తిట్టినట్టే ఉంటది. గనీ తిట్టు కాదు."

"మీ అమ్మ మాట్లాడినట్టా?"

"గంతే, గంతే" అన్నాడు, చాలా సీరియస్‌గా.

అంతలో మామ తన కంపెనీలోనే కొడుక్కీ వీసా మాట్లాడానని ఫోన్ చేశాడు. బామ్మర్దికి పోవాలని లేదు. జగిత్యాలలో పెండ్లి బరాత్‌లకు డీజే పెట్టే ఓనర్ ఒకాయన, నీ పాటలు వినిపించు, నచ్చితే నా బండి మీద పాడేటోనిగా పెట్టుకుంట అని మాట ఇచ్చాడు. మామ దానికి ఒప్పుకున్నాడు. వీసా చేతికొచ్చేలోగా జగిత్యాలలో పని దొరికితే ఉండొచ్చు. దొరక్కపోతే విమానం ఎక్కాలి. వాడి మొదటి ఆల్బమ్ మీద ఇంత బరువు పెట్టడం వాడికి తప్ప అందరికీ మామూలు విషయంగానే ఉండింది.

గొంతు రికార్డింగు కోరుట్లలో నా అద్దె గదిలో జరిగింది. బయటి మోతలు పడకుండా నడి ఎండాకాలంలో వాడు రెండు చెద్దర్లు ముసుగేసుకుని, లోపల ఫోన్ పట్టుకుని పాడేవాడు. పాట అయ్యాక బయటికొస్తే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఉండేది. మా ఓనరమ్మ తలుపు దగ్గరికి వచ్చి, "మీ బామ్మర్దికి సలి జరమా సారూ? మస్తు మూలుగుతుండు" అంది. వాడి కళకు వచ్చిన మొదటి సమీక్ష అది.

నాకైతే పాటలు బాగా నచ్చాయి. ముఖ్యంగా వాళ్ల నాన్న మీద రాసింది:

బాపు పోయిండు ఎడారికి
బనీను మిగిలె దండేనికి
ఎవ్వడేసుకుంటడు దాన్ని
ఎండే తొడుక్కున్నది దాన్ని

ముసుగులోంచి ఆ నాలుగు ముక్కలు వస్తుంటే నేను లేచి కిటికీ దగ్గరికి పోయి, అక్కడ పనేమీ లేకపోయినా, కాసేపు నిలబడ్డాను.

పాటల వెనక దరువు మాత్రం డబ్బు పెట్టి కొన్నది కాదు. ఖార్ఖానాలో సాంచాల చప్పుడే ఫోన్లో పట్టాడు. గొంతునూ చప్పుడునూ కలిపే పని సిరిసిల్లలో, ఇంట్లోనే, పట్టపగలు, గోడకవతల సాంచాలు ఆడుతుండగా చేశాడు. అన్నీ కుదిరాక వాళ్లమ్మకు వినిపించాడు. ఆమె విని, "నన్నెందుకురా నడుమ తిట్టినవ్?" అంది. పక్కింటివాళ్లకు వినిపించాడు. ప్రతి మాటా అర్థమైందన్నారు. ఇంకేం కావాలి?

జగిత్యాలకు ఇద్దరం కలిసి పోయాం. డీజే ఓనర్ తన గోదాములో, మనిషెత్తు స్పీకర్లలో వాడి పాటలు పెట్టాడు. సాంచాలు లేచాయి. రేకుల కప్పు అదిరింది. నేను మాటల కోసం చూస్తున్నాను. మొదటి పాట అయిపోయింది, రెండోదీ అయిపోయింది. ఓనర్ చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని, నవ్వకుండా అడిగాడు:

"తమ్మీ, మిషిన్ మస్తు పాడింది. నువ్వెప్పుడు పాడుతవ్?"

బామ్మర్ది నా వంక తిరిగాడు. "నీకు ఇనవడ్తుంది కదా బావా?"

వినబడలేదు. ఎక్కడో అడుగున ఒక మనిషి కదులుతున్నట్టు మాత్రం ఉంది. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడును పక్కకు తోసి మనిషి మాటను ఏరుకోవడం అలవాటైన చెవులు వాడివి. ఎంత చప్పుడు పోసినా వాడికి చాలలేదు. సిరిసిల్లలో విన్నవాళ్లవీ అవే చెవులు. ఆ సంగతి మా ఇద్దరికీ ఆ గోదాములోనే తెలిసింది.

"మిషిన్ చప్పుడు తగ్గించుకోని రా తమ్మీ, మల్ల ఇంటా" అన్నాడు ఓనర్. మంచివాడే.

తిరుగు బస్సు రుద్రంగి దాటింది. అప్పుడు వాడు ఫోన్ తీసి ఆల్బమ్ మస్కట్‌కు పంపాడు. మర్నాడు మామ ఫోన్ చేశాడు. ఫోన్ స్పీకర్ మీద ఉంది.

"మంచిగున్నదిరా. అన్ని మాటలు ఇన్న. బనీను ముచ్చట గూడ ఇన్న."

వాడు ఫోన్‌ను ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

"గా రెండో పాటల ఒక సాంచా కొట్టుకుంటుంది. నూనె పెట్టుమని సేట్‌కు చెప్పు."

ఆ తర్వాత మామే, గొంతు సవరించుకుని, "వీసా అచ్చింది బిడ్డా" అన్నాడు. కొడుకును బిడ్డా అనడం ఆయన అలవాటు కాదు.

విమానానికి ఇంకా కొద్దిరోజులు ఉన్నాయి గనక వాడు చప్పుడు తగ్గించడానికి కూర్చున్నాడు. తగ్గించిన ప్రతిసారీ ముఖం ముడుచుకునేవాడు. "కరెంట్ పోయినట్టున్నది బావా" అనేవాడు. అయినా తగ్గించాడు. మాటలు శుభ్రంగా వినబడుతున్న ఒక ఆల్బమ్, వాడికి నచ్చనిది, తయారైంది. అది పట్టుకుని జగిత్యాల పోయేసరికి మూఢాలు వచ్చాయి. పెండ్లిళ్లు లేవు. డీజే బండి మీద టార్పాలిన్ కప్పి ఉంది. ఓనర్ పాటలు విని తల ఊపాడు. "గిప్పుడు మనిషి ఇనవడ్తుండు. మూఢాలు పోయినంక రా, మాట్లాడుకుందం."

మూఢాలు పెండ్లిళ్లకే గానీ వీసాలకు ఉండవు. వాడు పోయాడు. ఎయిర్‌పోర్టుకు పోయే జీపు ఎక్కుతూ, "ఆల్బమ్ రిలీజ్ చెయ్యి బావా" అన్నాడు.

"ఏది, మొదటిదా, రెండోదా?"

"మొదటిదే."

చేశాను. విన్నవాళ్లు తక్కువ. ఒకరు మాత్రం, ఇది వింటుంటే బాగా నిద్ర పడుతోంది అని రాశారు.

వాడు పోయిన కొన్నాళ్లకు ఖార్ఖానా సేట్ సాంచాలను పాత ఇనుప సామాను వాళ్లకు తూకానికి అమ్మేశాడు. ఈమధ్య సిరిసిల్ల పోతే అత్తమ్మ గోడకు ఒరిగి, చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆ ఇంట్లో మొదటిసారి గడియారం చప్పుడు విన్నాను.

"పగలు కన్ను మూత పడ్తలేదు అల్లుడా" అంది. "నీ ఫోన్ల వానిది ఉన్నదా? పెట్టు జర."

పెట్టాను. గదంతా సాంచాలతో నిండిపోయింది. నాకు తలనొప్పి మొదలైంది. ఆమె చేతులు ఆ దరువుకు తగ్గట్టు చుడుతున్నాయి. ఒకచోట నవ్వింది. ఇంకోచోట బయట దండెం వంక చూసింది. నాకు ఒక్క ముక్క కూడా తెలియలేదు గానీ, ఏ పాట నడుస్తోందో మాత్రం తెలిసింది. నెమ్మదిగా చేతులు ఆగాయి. చాట ఒళ్లో ఉండగానే నిద్రపోయింది.

ఆఖరి పాట అయిపోయి ఫోన్ ఆగింది. ఆమె ఉలిక్కిపడి లేచింది.

"కరెంట్ పోయిందారా?"

నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"పోయింది అత్తమ్మా" అన్నాను, "ఇప్పుడే అస్తది." ఫోన్ తీసి మళ్లీ మొదటి పాట పెట్టాను.