సుబ్బరాయశెట్టిగారి గంజిసంచి

కమలాపురం సోడా అంగడి సుబ్బరాయశెట్టిగారు మొన్న శుక్రవారం మధ్యాహ్నం కాలధర్మం చెందారు. ఆ సమయంలో నేను ఆయన మంచం పక్కనే ఉన్నాను కనుక ఈ వార్త నాకు ఒకరు చెప్పవలసిన పని లేదు. అయినా మరునాటి సాయంకాలం అలవాటు చొప్పున ఆ అంగడి దాకా నడిచి, మూసిన తలుపుల ముందు దిక్కు తోచక నిలబడిపోయాను. తపాలా కచేరీ ఉద్యోగం విరమించిన నాటినుంచి నా దినచర్య పుస్తకంలో ఆయన పేరు లేని పుట అరుదు. ఆ రాత్రి పుట ఖాళీగానే మిగిలింది.

ఈ చుట్టుపక్కల చాలామందికి ఆయన 'సంచి శెట్టి'. ఆ పేరు నవ్వడానికి పెట్టినది. ఆ సంచి ఎందుకు పుట్టిందో నవ్వినవారికి తెలియదు.

చాలా ఏళ్ల కిందట వరుసగా వానలు తప్పిన కరువులో మా సత్రం ఆవరణలో గంజి కేంద్రం నడిచింది. శెట్టిగారి అంగడి దానికి ఎదురుగానే ఉండేది. పక్క పల్లెనుంచి ఓబులమ్మ అనే కూలి మనిషి రోజూ వచ్చి, తన వంతు గంజి తాగి, నడవలేని అత్తకోసం ఒక కుండలో పోయించుకొని పోయేది. ఒకనాడు అంగడి ముందే ఆమె కాలు తడబడింది. కుండ పగిలింది. ఆమె ఏడవలేదు. పెంకుల్లో మిగిలిన గంజిని వేలితో ఒకచోటికి చేరుస్తూ కూర్చుంది. శెట్టిగారు షర్బతు గ్లాసుతో మెట్లు దిగారు.

"తాగమ్మా, ఎండ శానా ఉండాది."

"నా కడుపు నిండిండాది శెట్టి సామీ. ఆడ ముసల్దానికి కావల్ల. వాళ్లు మళ్లా పోస్తామన్నా దేంట్లో పోసుకొని పోయేది?"

ఆయన లోపలికి పోయి ఇంటి ఇత్తడి చెంబు తెచ్చారు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. "ఇది నా చేతిలో చూస్తే ఎవురింట్లో ఎత్తుకొచ్చినావని పట్టుకుంటారు సామీ" అని లేచి, ఒట్టి చేతులతో వెళ్లిపోయింది. నాలుగు దినాల తర్వాత మళ్లీ ఒట్టి చేతులతోనే వచ్చింది. కుండ ఏదని శెట్టిగారు అడిగితే, ఇంక మోసుకొని పోయే పని లేదని చెప్పి, తన వంతు తాగి పోయింది.

అప్పటినుంచి ఆయనకు వేరే ధ్యాస లేదు. "కుండను తప్పు పట్టేదేముంది సామీ? మోసే మనిషి అలిసిపోయిండాదని దానికి యెట్ల తెలుస్తాది? కింద పడినా పగలంది ఒకటి కావల్ల. దాన్ని చూసి ఎవరూ దొంగ అనకూడదు" అనేవారు నాతో. ముందు గుడ్డసంచికి మైనం పట్టించారు. మన ఎండకు మైనం కరిగి గంజిలో తేలింది. ఆముదంలో నానబెట్టి ఆరేసిన గుడ్డ నీళ్లు కారనివ్వలేదు గాని, ఆ వాసనకు పిల్లలు కక్కుకున్నారు. సైకిలు ట్యూబుతో చేసిన సంచిలో మజ్జిగ పోస్తే రబ్బరు రుచి తప్ప మజ్జిగ రుచి మిగలలేదు. ప్రతిదీ ముందు తానే తాగి చూసేవారు. ఆ కడుపునొప్పులకు ఆయన భార్య సుబ్బమ్మగారు ఎన్ని కషాయాలు కాచారో.

చివరకు మద్రాసులో ఉన్న బంధువు ఒకడు పాలిథీన్ గొట్టం చుట్ట ఒకటి తెచ్చి ఇచ్చాడు. గాజులా లోపలిది కనిపిస్తుంది, గుడ్డలా మడత పడుతుంది. శెట్టిగారు దాన్ని ముక్కలుగా కోసి, రెండు రంపపు బ్లేడ్ల నడుమ అంచును బిగించి, బయటికి మిగిలిన కొసను దీపపు మంట మీదుగా ఒక్క ఊపులో లాగేవారు. చేయి నిదానిస్తే చిల్లు పడుతుంది, తొందరపడితే అంచు అతకదు. మనవాళ్లు పాత్రకు పెదవి తగిలించి తాగరు కనుక, ఒక మూలను చిటికెన వేలంత ముక్కుగా మలిచి దారంతో కట్టారు. దారం విప్పి సంచిని ఎత్తి పట్టుకుంటే సన్నని ధార నోట్లో పడుతుంది. ఆ ముక్కు కుదరడానికి ఒక వేసవి పట్టింది.

మా వీధిలో అందరికంటే బరువైన మనిషి బియ్యం అంగడి నాగయ్యగారు. శెట్టిగారు మజ్జిగ సంచి అరుగు మీద పెట్టి, "అన్నా, దీని మీద కూచో" అన్నారు.

"పగిలితే?"

"నీ పంచె నేను ఉతుకుతా."

నాగయ్యగారు కూర్చున్నారు. సంచి తాళింది. ఆయనకు ఆ విడ్డూరానికి నవ్వు వచ్చి ఒళ్లంతా కదిలేసరికి అంచు తెగింది. శెట్టిగారు మాట ప్రకారం పంచె ఉతికి ఆరేస్తూ, "కూచుంటే తాళింది సామీ, నవ్వితేనే పోయింది" అన్నారు.

మరుసటి ఏడు ఒంటిమిట్ట తిరునాళ్లకు గంపెడు మజ్జిగ సంచులు తీసుకుపోయారు. నేనూ వెంట వెళ్లాను. డబ్బు అడగలేదు. జనం ఒకసారి అలవాటు పడితే, గంజిని వీటిలో పోసి ఇవ్వమని గంజి కేంద్రాలవాళ్లను అడగవచ్చునని ఆయన ఆశ. మొదట వచ్చిన ఆసామి ఒక సంచిని వేలితో తట్టి, పదిమందికి వినబడేటట్టు అన్నాడు:

"ఏమప్పా శెట్టీ, కోమటోళ్లు మేకపేగులు ఎప్పటినుంచి అమ్ముతాండారు?"

చుట్టూ ఒకటే నవ్వు. చేయి చాచిన ముసలమ్మ ఒకావిడ చేయి వెనక్కు తీసుకుంది. శెట్టిగారు చిరునవ్వుతో సంచి ఎత్తి తానే తాగి చూపారు. ఎవరూ ముందుకు రాలేదు. ఎండ ముదిరేకొద్దీ మజ్జిగ పులిసి, సంచులు ఉబ్బి, నిజంగానే పేగుల్లా కనబడసాగాయి. ఒకటి గంపలోనే పగిలింది. తిరుగు బండిలో ఆయన పగిలిన సంచిని మడుస్తూ అన్నారు.

"నోరు తగలకుండా తాగేటట్టు చేస్తి సామీ. కన్ను తగలకుండా యెట్ల చేసేది?"

ఆ తర్వాత ఆయన గంజి కేంద్రాలవాళ్లను అడగలేదు. మిగిలిన గొట్టంతో ఒకటీ అరా సంచి చేసి దండెం మీద ఆరేసేవారు, అంతే.

నిరుడు గొంతులో పుండు లేచింది. కడప వైద్యులు పలుచని గంజి తప్ప వేరేమీ పెట్టవద్దన్నారు. తల ఎత్తలేని మనిషికి గ్లాసు పెడితే మెడంతా తడిసేది. తిరునాళ్ల అవమానం నాటినుంచి ఆ సంచుల పేరెత్తని సుబ్బమ్మగారు తానే ఒకటి దండెం మీదినుంచి తీసి, కడిగి, చల్లార్చిన గంజి పోసి, ముక్కును ఆయన పెదవుల మధ్య వంచారు. కొన్ని నెలలు ఆయన ప్రాణం దానితోనే నిలిచింది. ఆయన చేసిన సంచితో ఆకలి తీర్చుకున్న మనిషి ఆయన ఒక్కరే.

శుక్రవారం ఆమె సంచి వంచుతూ ఉంటే ఆయన చేయి తడుముకుంటూ వచ్చి అంచును పట్టుకుంది.

"కారుతాండాదా?"

"లేదు" అన్నాను.

కారలేదు. గంజి ఆయన నోటి పక్కనుంచి జారింది. మింగలేకపోయారు.

కబురు విని నిన్న ఓబులమ్మ వచ్చింది. సుబ్బమ్మగారు దండెం మీద మిగిలిన ఆఖరి సంచిని తెచ్చి ఆమె చేతిలో పెట్టి, అది ఎవరికోసం మొదలైందో చెప్పారు. ఓబులమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"శానా బాగుండాదమ్మా. ఇప్పుడు దీంట్లో నేను ఎవురికి మోసుకొని పోవల్ల?"

సంచిని అరుగు మీద పెట్టి, దండం పెట్టి వెళ్లిపోయింది.

ఆ అంచును అతికించే చేయి మరొకటి నేను ఎరిగినంతలో లేదు. ఆయన ఎవరికీ నేర్పలేదు, ఎవరూ అడగలేదు. ఈ ఏడూ వాన లేదు. సత్రంలో మళ్లీ పొయ్యి రాజేశారు, దాని ముందు మట్టికుండలు బారులు తీరాయి. శెట్టిగారికి చేతులు జోడిస్తున్నాను. ఊరట మాట ఏదైనా రాయాలని కూర్చున్నాను గాని నా దగ్గర అలాంటిది లేదు.