టీచరు గారి కారులో పెరిగిన ఆయిల్

1984 ఎండాకాలం. అద్దంకిలో దర్శి వెళ్ళే రోడ్డు పక్కన నాకొక రేకుల షెడ్డు ఉండేది. లారీలు, ట్రాక్టర్లు, అప్పుడప్పుడు కార్లు రిపేరుకు వచ్చేవి. మిరపకాయల లోడు దించి వచ్చిన లారీ అయితే పనికంటే ముందు తుమ్ములు మొదలయ్యేవి. కొత్త కారు కొన్న ప్రతివాళ్ళూ నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే, ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలని. నా జవాబూ ఒక్కటే, వెయ్యి కిలోమీటర్లు తిరిగాక రండని.

కొత్త ఇంజన్‌లో పిస్టన్లూ బేరింగులూ ఒకదానికొకటి అలవాటు పడేదాకా సన్నటి ఇనప పొడి రాలుతూ ఉంటుంది. అది ఆయిల్‌లో కలుస్తుంది కనుక మొదటి ఆయిల్ త్వరగా తీసేయాలి. కారుతో వచ్చే పుస్తకంలో "వెయ్యి కిలోమీటర్లు లేదా ఆరు నెలలు, ఏది ముందైతే అది" అని ఉంటుంది. ఆ రెండో ముక్క నేనెవరికీ చెప్పేవాణ్ణి కాదు. నా దగ్గరికి వచ్చేది పత్తి వ్యాపారులు. సీజన్‌లో వాళ్ళకు వెయ్యి కిలోమీటర్లంటే పదిహేను రోజుల తిరుగుడు.

మరియమ్మ టీచరు గారు వ్యాపారి కాదు. మిషన్ స్కూల్లో నాకు ఐదో తరగతి చెప్పిన మనిషి. రిటైరయ్యాక, ఎప్పుడో బుక్ చేసిన కారు ఏళ్ళు గడిచి చేతికొచ్చింది. ఆవిడకూ అదే వెయ్యి కిలోమీటర్ల మాట చెప్పాను. ఆవిడకు డ్రైవింగ్ రాదు. అల్లుడు డేవిడ్‌కు వచ్చు గానీ అతను మార్టూరులో రాళ్ళ క్వారీలో సూపర్‌వైజరు, ఆదివారాలు మాత్రమే వచ్చేవాడు. అత్తగారిని చర్చికి తీసుకెళ్ళి, తీసుకొచ్చి, కారు మళ్ళీ పాకలో పెట్టేవాడు. మిగతా ఆరు రోజులూ కారు కదలదు కదా, బ్యాటరీ దిగిపోతుందని ఆవిడకు స్టార్ట్ చేయడం నేనే నేర్పాను. "న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకుని, చోక్ లాగి స్టార్ట్ చెయ్యండి. రోజూ పది నిమిషాలు నడవనివ్వండి" అన్నాను. చోక్ అంటే చల్లటి ఇంజన్ అందుకోవడానికి పెట్రోలు ఎక్కువ పంపే మీట. అందుకున్నాక మళ్ళీ లోపలికి తోసెయ్యాలి. ఆ సంగతి చెప్పానో లేదో నాకిప్పటికీ గుర్తు లేదు.

ఏడాది దాటింది. ఒక రోజు పొద్దున్నే ఆ కారు నా షెడ్డు ముందు ఆగింది. వెనక సీట్లో టీచరు గారి కూతురు సుశీల తల్లి ఒళ్ళో తల పెట్టి మూలుగుతోంది. నెలలు నిండాయి, రాత్రి నుంచి నొప్పులు. డేవిడ్ గబగబా దిగి, "మేస్త్రీ, టైర్లలో గాలి చూడు, గుంటూరు పోవాలి. బిడ్డ అడ్డం తిరిగిందంట. ఆపరేషన్ చెయ్యాలి, ఇక్కడ లాభం లేదన్నారు" అన్నాడు.

గాలి పట్టాను. అలవాటు కొద్దీ బానెట్ మీద చెయ్యి వేశాను.

"అది చూడక్కర్లేదు నాయనా," అంది టీచరు గారు కిటికీలోంచి. "ప్రతి శనివారం ఆ ఆయిల్ కొలిచే పుల్ల తీసి నేనే చూస్తున్నా. ఆయిల్ చుక్క తగ్గలేదు. ప్రభువు దయవల్ల పెరిగింది కూడా."

గబుక్కున బానెట్ ఎత్తాను. ఇంజన్‌లో ఆయిల్ తగ్గుతుంది గానీ పెరగదు. పెరిగిందంటే ఇంకేదో కలుస్తోందన్నమాట. పుల్ల లాగి చూశాను. పై గీత కంటే రెండు వేళ్ళ ఎత్తున ఉంది. వేళ్ళ మధ్య రుద్దితే జిగురు లేదు, నీళ్ళలా జారిపోయింది. వాసన చూస్తే పెట్రోలు. రోజూ చోక్ లాగినప్పుడు వచ్చిన పెట్రోలంతా కాలక, సిలిండర్ గోడల వెంట కిందికి దిగింది. పది నిమిషాల్లో ఇంజన్ వేడెక్కదు గనుక అది ఆవిరీ కాలేదు. మీటరు చూశాను. నాలుగు వందలు కూడా తిరగలేదు. ఇనప పొడి ఉన్న మొదటి ఆయిలే ఇంకా ఉంది, అందులో పెట్రోలు.

ఆ ఆయిల్‌తో ముగ్గురిని ఎక్కించుకుని ఎండలో గుంటూరు దాకా పరిగెత్తిస్తే బేరింగులు పట్టేయొచ్చు. పట్టేస్తే చిలకలూరిపేట ఇవతల ఏ పత్తి చేల మధ్యో ఆగిపోతుంది. వేడెక్కితే పెట్రోలు ఆవిరైపోతుంది, మెల్లగా పోతే ఏమీ కాదనే వాళ్ళూ ఉన్నారు. కాకపోవచ్చు కూడా. కానీ ఖాయంగా ఎలా చెప్పను? లారీ ఎక్కిద్దామంటే ఆ కుదుపులకు ఆ పిల్ల తట్టుకోలేదు.

"ఆయిల్ మార్చాలి. ఇరవై నిమిషాలు," అన్నాను.

డేవిడ్ నా చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. "నీకేమన్నా పిచ్చా? పిల్ల ప్రాణం మీదికొస్తే ఇప్పుడా సర్వీసింగు?"

"దారిలో ఆగిపోతే ఏం చేస్తావయ్యా?"

అప్పుడు టీచరు గారు నా వైపు చూసి మెల్లగా అంది. "వెయ్యి కాలేదుగా నాయనా. నువ్వు చెప్పినట్టే చేశాను కదా."

డబ్బా పట్టుకుని కారు కిందకు దూరాను. డ్రెయిన్ ప్లగ్గు, అంటే ఆయిల్ దించే బిరడా, ఫ్యాక్టరీలో బిగించాక ఎవరూ విప్పింది కాదు. స్పానర్ జారి వేళ్ళు చీరుకుపోయాయి. నా ముఖానికి జానెడు ఎత్తున ఆ పిల్ల మూలుగు, తల్లి ప్రార్థన, పక్కన డేవిడ్ చెప్పుల చప్పుడు. ప్లగ్గు ఊడగానే చల్లటి ఆయిల్ మెల్లగా దిగాల్సింది పోయి కుళాయి తిప్పినట్టు పడింది. నా అనుమానం నిజమైనందుకు ఊరట కలిగింది, దానికి కారణం నేనేనని వెంటనే గుర్తొచ్చింది. టైము లేక ఆయిల్ వడకట్టే ఫిల్టరు జోలికి పోలేదు. నాలుగు లీటర్లు కొత్త ఆయిల్ పోసి, ప్లగ్గు రెండుసార్లు తడిమి చూసుకుని, ఆ నూనె చేతులతోనే ముందు సీట్లో కూర్చున్నాను. షెడ్డులో ఉండిపోవడం నా వల్ల కాలేదు.

కొత్త ఇంజన్‌ను అరవై దాటించకూడదు. డేవిడ్ కాలు నొక్కుతుంటే నేను "వద్దు" అనడం, సుశీల అరవగానే నేనే "పోనీ" అనడం. దారి పొడుగునా ఆయిల్ ఎర్ర లైటు వెలుగుతుందేమోనని దాన్నే చూస్తూ కూర్చున్నాను. చిలకలూరిపేట దాటాక ఆ పిల్ల అరవడం మానేసింది. అరిచినప్పటి కంటే అదే ఎక్కువ భయపెట్టింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ సుశీలను చూస్తూనే మండిపడింది. "ఇంతసేపు ఏం చేస్తున్నారు? బిడ్డ గుండె నీరసించిపోతోంది."

నేను స్తంభం పక్కన నిలబడి ఉన్నాను. డేవిడ్ నా వైపు తిరిగాడు. అతను నోరు తెరిచేలోగా టీచరు గారు అంది, "కారు ఆయిల్ మార్చించామండీ. ముందే మార్చాల్సింది. నేనే మర్చిపోయాను."

ఆవిడ మర్చిపోలేదు. నేను చెప్పలేదు. ఆ మాట అక్కడ అనాల్సింది నేను. అనలేకపోయాను. ఆపరేషన్ థియేటర్ తలుపు మూసుకున్నప్పుడు భయపడ్డంతగా నేను బతుకులో ఎన్నడూ భయపడలేదు. మగబిడ్డ పుట్టాడు. పుట్టగానే ఏడవలేదు. రెండు రోజులు గాజు పెట్టెలో ఉంచారు. మూడో రోజు పాలు తాగాడని కబురు వచ్చేదాకా నేను షెడ్డు తెరవలేదు.

ఇరవై నిమిషాలు ఆపడం ఆ బిడ్డను కాపాడిందో, ప్రమాదంలోకి నెట్టిందో నాకు తెలియదు. మార్చకుండా పంపి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. ఏడాది కిందట నేను ఇంకొక్క మాట చెప్పి ఉంటే ఆ ఇరవై నిమిషాల అవసరమే వచ్చేది కాదన్నది మాత్రం తెలుసు. ఎంత తిరిగిందని కాదు, ఎలా తిరుగుతుందని అడగాలి. తిరగని కారుకు ఆయిల్ ఇంకా ముందే మార్చాలి.

నెల తర్వాత ఫిల్టరు మార్చడానికి వాళ్ళింటికి వెళ్ళాను. మనవడు ఉయ్యాల్లో ఉన్నాడు. "తప్పు నాదండీ. ఆ రోజు డాక్టరమ్మ ముందు చెప్పలేకపోయాను," అన్నాను. కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

"తెలుసులే," అంది టీచరు గారు. "అక్కడ నిన్ను దోషిగా నిలబెట్టి ఏం లాభం? తిరుగు ప్రయాణంలో బండి చూడాల్సింది నువ్వేగా." లోపలికెళ్ళి ఒక తెల్ల కాగితం, కలం తెచ్చి నా ముందు పెట్టింది. "మళ్ళీ ఎప్పుడు మార్చాలో మొత్తం రాయి. సగం రాయకు."

కిలోమీటర్లు, నెలలు, చోక్, అన్నీ రాసి కింద సంతకం పెట్టాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, దస్తూరీ బాగాలేదని మళ్ళీ రాయించింది.