నాలుగు ‘కె’ అక్షరాలు

నా కూతురు ఫోన్లో ‘సరే’ అనడానికి ‘కేకే’ అని జవాబు పంపినప్పుడల్లా నాకు అమ్మ ముఖం గుర్తొచ్చి సిగ్గేస్తుంది.

బాపు ఓడలో రేడియో ఆఫీసర్. ఆయన ఓడ నుంచి టెలెక్స్ అనే టైపు మిషన్‌లో పంపిన కబురును కంపెనీవాళ్లు పోస్టులో మరిపెడలోని మా ఇంటికి పంపేవారు. మొదటి కాగితం వచ్చినప్పుడు నేను ఐదో తరగతి. అమ్మకు ఇంగ్లీషు రాదు కాబట్టి నేనే చదివి చెప్పాను. చివర వరుసగా నాలుగు ‘కె’ అక్షరాలున్నాయి.

“గివేంది బిడ్డా?” అంది అమ్మ.

తెలియదనడానికి మనసొప్పలేదు. “కమల అని నీ పేరే అమ్మా. నాలుగుసార్లు రాసిండు” అన్నాను. చెప్పాక నేనూ నమ్మేశాను.

అమ్మ మురిసిపోయి ఆ కాగితాన్ని పక్కింటి ఖైరున్ చాచీకి కూడా చూపించింది.

బాపు సెలవు మీద వచ్చినప్పుడు చాచీ ఆ మాటెత్తి ఆటపట్టించింది. బాపు పగలబడి నవ్వాడు.

“గది పేరు కాదు. కబురు అయిపోయింది, లైను కట్ చెయ్యమని మిషన్‌కు చెప్పుడు. నీకు గిట్ల ఎవరు చెప్పిండ్రు?”

అమ్మ నావైపు చూసింది. నేను బాపుతో కలిసి నవ్వాను.

“నేనే అనుకున్న” అని అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత వచ్చిన కాగితాలన్నీ చాచీ కొడుకుతో చదివించుకుంది.