మూతల్లేని బాబాయి

మా బాబాయి జన్మలో దేనికీ తిరిగి మూత బిగించలేదు. విప్పడం మాత్రం ఆయనంత అందంగా ఇంకెవరూ విప్పలేరు.

ఇంట్లో గోడ గడియారం పళ్లచక్రాలు బయటపెట్టుకుని నవ్వుతూ టైం చెప్పేది. రేడియో పేగులు చూపిస్తూ పాడేది. ఏ వస్తువు ఎక్కడ కరుస్తుందో తెలియక చుట్టాలు పిల్లల్ని ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చునేవారు. ఒకసారి డాక్టరు గారు బీపీ చూడ్డానికి చేతికి పట్టీ చుడితే, "ఈ డబ్బా ఓసారి విప్పి చూడనా?" అని జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. ఆ పూట బీపీ పెరిగింది డాక్టరు గారికి.

"కాస్త మూతలు పెట్టండి మహానుభావా!" అనేది పిన్ని.

"పెడితే లోపల ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుందోయ్?"

"తెలిసి నేనేం చెయ్యాలి?"

"అదే కదా నా బాధ!"

పిన్నికి యంత్రమంటే హడలు. బల్బు మార్చాలన్నా పక్కింటి వాళ్లని పిలిచేది. అలాంటి మనిషి నడిపే రంగుల దుకాణం మాత్రం యంత్రం మీదే నడిచేది. ఎవరింటికి ఏ రంగులో ఏది ఎంత కలిపి ఇచ్చారో ఆ వివరమంతా మెట్ల కింద గదిలోని పాత సర్వర్‌లో ఉండేది. ఎన్నేళ్ల తరవాత వచ్చి "మా వంటగది రంగే కావాలండీ" అన్నా, కౌంటర్ దగ్గరి యంత్రం అచ్చం అదే కలిపి ఇచ్చేది. దుకాణానికున్న పేరంతా ఆ జ్ఞాపకశక్తిదే.

ఆ సర్వర్ ముసలిదైపోయింది. పొద్దున్నే లేవమంటే మూలిగేది. ఎండలు ముదిరితే దానికో టేబుల్ ఫ్యాను పెట్టాల్సి వచ్చేది. అమ్మినవాళ్లు దాని మూత మీద 'విప్పరాదు' అని చీటీ అంటించి పోయారు. ఆ చీటీ కనపడితే చాలు, బాబాయికి ఒళ్లు మండేది.

ఒక శనివారం పెయింటర్ మేస్త్రీ వచ్చాడు. బడి గోడ సగం వేశాడట. మంగళవారం బడి తెరుస్తారు, సోమవారం పొద్దున్నే మిగతా సగానికి అదే రంగు కావాలి. పిన్ని మీట నొక్కింది. సర్వర్ దగ్గింది, ఆగింది, సగం పేర్లు మింగేసింది. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే, కొత్తది రావడానికి నెల పడుతుందన్నారు.

"నేను కడతాను" అన్నాడు బాబాయి.

"కట్టడానికి అదేమైనా ఇల్లా?"

"ఇల్లే. నీ రంగులుండే ఇల్లు!"

ఆదివారం, బజారులో కొనుక్కొచ్చిన ముక్కలతో భోజనాల బల్ల మీద కట్టుబడి మొదలైంది. పిన్ని గుమ్మం దాటి లోపలికి రాలేదు. బాబాయి ఒక్కో ముక్కా పైకెత్తి, దాని పేరూ పనీ వీధి చివరికి వినపడేలా చెబుతూ బిగించాడు. "ఇవి రెండు డిస్కులు. ఏది రాసినా రెండింటి మీదా రాస్తుంది. ఒకటి పోయినా రెండోది మోస్తుంది."

"మొగుడూ పెళ్లాల్లాగా అన్నమాట" అన్నాను.

"కాదురా, ఇవి రెండూ ఒకే మాట చెబుతాయట" అంది గుమ్మంలోంచి పిన్ని.

చీటీ చింపి పాతదాన్ని విప్పి, దాని మొహాన ఫ్యాను పెట్టి, బతిమాలి బామాలి వివరాలన్నీ కొత్తదానిలోకి దించాడు. సాయంత్రానికి కొత్త సర్వర్ మెట్ల కింద గదిలోకి చేరి, నిద్రపోయే పిల్లిలా గురగురలాడింది. ఒక్క రంగూ తప్పిపోలేదు. మూత? షరా మామూలే.

సోమవారం పొద్దున్న మేస్త్రీ డబ్బాలతో సిద్ధం. మీట నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి గానీ తెర నల్లగానే ఉంది.

"నడుం పట్టేసిందోయ్, వంగలేను" అన్నాడు బాబాయి చేతులు కట్టుకుని. "నువ్వు చూసి చెప్పు."

"నేనా!"

"మూత లేదుగా, చూడ్డానికేం?"

"అమ్మా, అవతల బడి..." అని మేస్త్రీ గొణిగాడు.

పిన్ని చేతులు వెనక్కి పెట్టుకుని తొంగిచూసింది. "ఈ నిలువు పలకలు మెమొరీ అన్నారు కదూ? ఒకటి పక్కవాటికంటే ఎత్తుగా ఉంది."

"ప్లగ్గు తీసేశాను. నొక్కు."

"షాక్ కొడితే?"

"కొడితే నువ్వు నన్ను కొట్టు."

పిన్ని కళ్లు మూసుకుని నొక్కింది. టక్కుమంది. ప్లగ్గు పెట్టగానే తెర వెలిగింది, రంగు కలిసింది. మేస్త్రీ తను తెచ్చిన బడి గోడ పెచ్చు మీద ఓ చుక్క వేసి, "ఎక్కడ వేశానో నాకే కనపడటం లేదమ్మా!" అని కేక పెట్టాడు. ఆ రోజు వచ్చినవాళ్లందరికీ పిన్ని ఆ పలకని నొక్కిన తన బొటనవేలు చూపించింది.

అది మొదలు, సర్వర్‌కి ఏ సుస్తీ చేసినా బాబాయి నడుం పట్టేసేది. రంగు డబ్బాలు మోసేటప్పుడు మాత్రం నిక్షేపంలా ఉండేది.

బాబాయి పోయిన కొన్నాళ్లకి మేస్త్రీ ఫోన్ చేశాడు, సర్వర్ కీచుకీచుమని అరుస్తోందని. మెకానిక్కుని వెంటబెట్టుకుని పరిగెత్తాను. పిన్ని ముక్కు మీదికి కళ్లజోడు జార్చుకుని, చేతిలో డిస్కు పట్టుకుని తాపీగా కూర్చుని ఉంది.

"ఒకటి పోయిందిరా. రెండోదే మోస్తోంది. కొత్తది పెట్టేశాను, ఇప్పుడు దానికి పాఠాలు చెబుతోంది."

"ఆ రోజు ఆ పలక వదులు కావడం మంచిదే అయింది పిన్నీ!"

"వదులు కావడమేమిట్రా? సాయంత్రం దాకా పనిచేసింది, తెల్లారేసరికి దానంతటదే లేచి నుంచుంటుందా? కాఫీ కూడా తాగకుండా పొద్దున్నే మెట్ల కింద ఆయనకేం పని?"

నేను నోరు తెరిచాను. "తెలిసే ఊరుకున్నావా?"

"పాపం, నా కోసం నడుం కూడా పట్టేయించుకున్నారు. చెబితే మొహం చిన్నబోదూ?"

ఇంతలో మెకానిక్కు, "మూత ఎక్కడుందమ్మా? బిగించేస్తాను" అన్నాడు.

పిన్ని కౌంటర్ వైపు చూపించింది. సర్వర్ మూత అక్కడ గోడకి చేరగిలి ఉంది, ఒంటినిండా రంగురంగుల చుక్కలతో.

"దాని మీద రంగులు చూపిస్తున్నాం నాయనా. మా ఇంట్లో మూతలకి వేరే పనులుంటాయి."