బండ ముందు నిలబడే తీరు

కొవ్వూరులో గోదావరి గట్టున, ఒకప్పటి చాకలి ఆడవాళ్ల గుర్తుగా విగ్రహం పెట్టాలని మా కులపెద్దలు అనుకున్నప్పుడు, శిల్పిని మా ఇంటికి పంపారు. ఆ రేవులో బట్టలుతికిన ఇళ్లలో, ఊళ్లో మిగిలినదాన్ని నేనొక్కదాన్నేనట. హైస్కూల్లో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. మా ఆయన పోయాక రెండు గదుల వాటాలో ఒంటరిగా ఉంటున్నాను. ఇంటికి ఒక మనిషి వచ్చి కూర్చోవడమే నాకు విశేషం.

శిల్పికి ముప్పై ఏళ్లుంటాయి. కాగితం మీద గీసిన బొమ్మ చూపించాడు. చంకలో మూటతో నవ్వుతున్న పడుచుపిల్ల.

"ఈవిడ పేరంటానికి వెళ్తున్నట్టుంది బాబూ," అన్నాను.

అతను నొచ్చుకోలేదు. "మరి ఎలా ఉండేవారండి? మీ అమ్మగారి ఫొటో ఏమన్నా ఉందాండి?"

అమ్మకి ఫొటో లేదు. రేవులో ఆమెను ఎదురుగా చూసింది కూడా తక్కువే. నన్ను బండ దగ్గరికి రానిచ్చేది కాదు. వెనక ఇసుకలో చీరలు ఆరేయడమే నా పని. ఆదివారాలు పొద్దస్తమానం నేను చూసింది ఆమె వీపునే.

"ఉండు, చూపిస్తాను," అని దుప్పటి తడిపి తెచ్చి, పెరట్లో చప్టా ముందు నిలబడ్డాను. ఎడంకాలు ముందుకి పెట్టి, నడుము వంచి, మెలితిప్పిన దుప్పటిని కుడి భుజం మీదుగా ఎత్తి కొట్టాను. నా గొంతులోంచి "హుస్స్" అంటూ అమ్మ శబ్దమే వచ్చింది. నాకే భయమేసింది.

"ఇంకొక్కసారండి," అంటూ అతను ఫోన్లో వీడియో తీసుకున్నాడు. పదిసార్లు కొట్టి ఉంటాను.

ఆ సాయంత్రానికి భుజం పైకి లేవలేదు. చెయ్యి అందినంత మేర మందు రాసుకున్నాను. అందని చోట నొప్పి నాలుగు రోజులుంది.

ఆవిష్కరణ రోజున షామియానాలో చివరి వరసలో కూర్చున్నాను. పెద్దలు మాట్లాడారు, దండలు వేశారు. జనం విగ్రహం ముందు నిలబడి సెల్ఫీలు తీసుకున్నారు. నేనూ వెళ్లి చూశాను. నిండు బుగ్గలు, దిద్దిన కనుబొమలు. ఆ ముఖం ఎవరిదో. చుట్టూ తిరిగి వెనక్కి వెళ్తే, అక్కడ ఉంది అమ్మ. కుడి భుజం ఎత్తి, వెన్ను వంచి.

అప్పటికే అక్కడ ఒక ముసలావిడ చేతికర్రతో నిలబడి ఉంది. అమ్మ పక్క బండ మీద ఉతికిన పిన్ని. ఎప్పుడో కూతురి దగ్గరికి రాజమండ్రి వెళ్లిపోయింది. బతికి ఉందనే నాకు తెలియదు.

"ఎవరో అనుకున్నానే అమ్మాయ్. ఇటొచ్చి చూస్తే మీ అమ్మ," అంది. "ఇలాగే ఎడంకాలు ముందుకి పెట్టేది. జారిపోతావే అని రోజూ తిట్టేదాన్ని."

"నేనే చూపించాను పిన్నీ," అన్నాను. ఆ మాట అంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆమె నా మోచెయ్యి పట్టుకుంది.

"ఇంటికి రా పిన్నీ, అన్నం తిని వెళ్దువుగాని."

"ఆటో నిలబెట్టింది మా అమ్మాయి. బ్రిడ్జి మీద రష్ పెరిగిపోద్దని ఒకటే గోల. ఇంకోసారి వస్తాన్లే."

ఆటో బ్రిడ్జి వైపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ఫోన్ నంబరు అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఇంటికొచ్చి గిన్నె మూత తీస్తే ఇద్దరికి సరిపడా అన్నం ఉంది. పొద్దున్న ఎవరొస్తారనుకుని అంత వండానో నాకే తెలియదు. కొంచెం పెట్టుకుని, మిగతాదాంట్లో నీళ్లు పోశాను.