క్యాసెట్‌లో మామయ్య గొంతు

మా వీధి చివర వీసీఆర్‌లు బాగుచేసే బాబాయికి ఒక అలవాటుంది. మిషను మూత విప్పే ముందు దాని ప్లగ్గును తన చొక్కా జేబులో వేసుకుంటాడు. "కరెంటు తగిలితే లోపలి టేపును దానంతటదే లాగేస్తుంది. ఒకసారి ఎవరిదో పెళ్ళి క్యాసెట్ నా చేతుల్లోనే నుజ్జయింది," అన్నాడు నాతో. ముప్పై ఏళ్ళైనా ఆ భయం పోలేదు, దాచుకోడు కూడా.

మొన్న నేను ఆ కొట్లో కూర్చునుండగా ఒక కోడలు వీసీఆర్ మోసుకుని వచ్చింది, వెనకే మామగారు. గొంతు ఆపరేషన్ తర్వాత ఆయనకు మాట పోయింది. ఏదైనా చిన్న పుస్తకంలో రాసి చూపిస్తాడు. ఆమె కాపురానికి వచ్చింది ఆ తర్వాతే. ఆయన మాట మిగిలింది ఎప్పుడో ఒక విందులో తీసి, ఇప్పుడు మిషన్లో ఇరుక్కున్న ఆ ఒక్క క్యాసెట్‌లోనే.

"మామయ్య గొంతు విందామని నేనే పెట్టాను. టీవీలో అన్నీ చుక్కలే. క్యాసెట్ బయటికి రావట్లేదని బటన్ నొక్కుతూనే ఉన్నా..." అంది ఆమె.

బాబాయి టార్చి వేసి చూశాడు. లోపలి రబ్బరు బెల్టు కరిగి జిగురైంది. టేపు లోపల తిరిగే డ్రమ్ముకు చుట్టుకుని ఒకచోట మడతపడింది. ప్లగ్గు జేబులోనే ఉందో లేదో తడిమి చూసుకున్నాడు.

"తెగుతుందా బాబాయ్?" అన్నాను.

"నన్ను మాట్లాడించకు. చేతులు చల్లబడుతున్నాయి."

మోటారు చక్రాన్ని వేలితో వెంట్రుకవాసి చొప్పున తిప్పాడు, ఊపిరి బిగబట్టి. పెద్దాయన రాసి చూపించాడు: "ఊపిరి తీసుకో నాయనా, లేకపోతే నీకూ ఆపరేషనే." ఎవరికీ నవ్వు రాలేదు.

క్యాసెట్ బయటపడింది. కొత్త బెల్టు వేసి, టేపును చదివే హెడ్డు తుడిచాక బాబాయి అన్నాడు: "ఒక్కసారే వేస్తాను. మడత దగ్గర తెగకపోతే పక్క మిషన్లోకి కాపీ ఎక్కుతుంది. తెగితే..."

"వద్దు, ఉన్నదీ పోతుంది!" అంది కోడలు.

పెద్దాయన రాశాడు: "వినకుండా దాచుకుని ఏం చేసుకుంటాం? వెయ్యి."

బొమ్మ సగం చుక్కలే. గొంతు మాత్రం ఖంగుమంది: "ఒరేయ్, నన్నెందుకురా తీస్తావ్? తినేవాళ్ళని తియ్యి!"

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మడత దగ్గర మాట గరగరలాడింది. బాబాయి కళ్ళు మూసుకున్నాడు. మాట మళ్ళీ సాగింది.

"ఇంత గొంతా మామయ్యా! మీ అబ్బాయి అంత మెతకెందుకయ్యారో ఇప్పుడు తెలిసింది," అని ఏడ్చేసింది. "ఇక చాలు బాబాయ్, ఆపెయ్యండి, భయమేస్తోంది."

"మధ్యలో ఆపితే మిషను మళ్ళీ టేపును లాక్కుంటుందమ్మా. చివరిదాకా పోనీ."

దాంతో నలుగురం కదలకుండా నిలబడి, మాలో ముగ్గురికి ఎవరిదో కూడా తెలియని ఆ విందు మొత్తం విన్నాం.